మెమరీ అపెర్చర్ సెట్టింగులు: తరచుగా అడిగే ప్రశ్నలు

గ్రాఫిక్స్ కార్డులకూ ఇతర పీసీఐ (కార్డులను బోర్డుకు కలిపే బస్సు, అంటే డేటా దారి) పరికరాలకూ కెర్నెల్‌లో (ఆపరేటింగ్ సిస్టమ్ మూల భాగంలో) అపెర్చర్ అమర్చే విషయంలో అవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి. అందుకే అన్నీ ఒకచోట పెట్టాను. ఏ ప్రశ్న దగ్గరకైనా నేరుగా వెళ్లి చదువుకోవచ్చు. ఉదాహరణలు ఎక్కువగా ఎక్స్86 (ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్ల రకం) మీద నడిచే లినక్స్‌వి. తేడా ఉన్నచోట ఓపెన్‌బీఎస్‌డీ అనే మరో ఆపరేటింగ్ సిస్టమ్ గురించీ, ఆర్మ్ అనే మరో ప్రాసెసర్ రకం గురించీ చెప్పాను.

## మొదలుపెట్టే ముందు

అపెర్చర్ అంటే గ్రాఫిక్స్ మెమరీయేనా?

కాదు. అది అడ్రసుల కిటికీ. ప్రాసెసర్‌కు కనిపించే ఫిజికల్ అడ్రసుల్లో కొంత భాగాన్ని ఒక పరికరం కోసం పక్కన పెడతారు. అక్కడ రాసినది ర్యామ్‌కు పోకుండా పరికరానికి చేరుతుంది. కిటికీ వెనక ఏముందన్నది పరికరాన్ని బట్టి ఉంటుంది. విడి గ్రాఫిక్స్ కార్డయితే దాని మీదున్న సొంత మెమరీ, అంటే వీర్యామ్. పాత ఏజీపీ (ఒకప్పటి గ్రాఫిక్స్ కార్డు స్లాట్) అయితే ఎక్కడెక్కడో ఉన్న ర్యామ్ పేజీలు. నెట్‌వర్క్ కార్డయితే కొన్ని రిజిస్టర్లు, అంటే పరికరాన్ని నడిపే చిన్న గడులు.

ఏ సమస్య వచ్చినా నేను మూడు విషయాలు విడివిడిగా చూసుకుంటాను. కిటికీ ఏ అడ్రసులో ఉంది? దాని వెనక ఏముంది? ప్రాసెసర్ క్యాష్ (తన దగ్గరే ఉంచుకునే చిన్న, వేగమైన మెమరీ) దాన్ని ఎలా చూస్తోంది? ఈ మూడింటినీ కలిపేసి ఆలోచిస్తే రోజులు వృథా అవుతాయి.

బార్, గార్ట్, జీటీటీ, ఐఓఎంఎంయూ అన్నీ ఒకటేనా?

పని దగ్గరదగ్గరగా అనిపిస్తుంది కానీ ఒకటి కాదు. బార్ అనేది పరికరంలోని ఒక రిజిస్టర్. "నా కిటికీ ఫలానా అడ్రసులో మొదలవుతుంది" అని అందులో ఉంటుంది. మామూలు పీసీఐ పరికరానికి ఇవి ఆరు ఉంటాయి. 64-బిట్ బార్ రెండు స్థానాలు తీసుకుంటుంది కాబట్టి అలాంటివైతే మూడే పడతాయి.

గార్ట్, జీటీటీ అనేవి పేజీ టేబుళ్లు, అంటే అడ్రసులను మార్చి చూపే పట్టికలు. ర్యామ్‌లో చెదురుమదురుగా ఉన్న 4 కేబీ పేజీలను గ్రాఫిక్స్ చిప్‌కు ఒకే వరుసలో ఉన్నట్టు చూపిస్తాయి. గార్ట్ 1990ల చివర్లో ఏజీపీతో ప్రచారంలోకి వచ్చింది. జీటీటీ అనేది ఇంటెల్ తన ఇంటిగ్రేటెడ్ గ్రాఫిక్స్‌లో వాడే పేరు. ఏఎండీ డ్రైవర్‌లోనూ ఇదే మాట వినిపిస్తుంది, అక్కడ జీపీయూకి (గ్రాఫిక్స్ చిప్‌కు) అందుబాటులో ఉన్న సిస్టమ్ ర్యామ్ అని అర్థం. ఇక ఐఓఎంఎంయూ ఏ ఒక్క పరికరానికో చెందినది కాదు. అన్ని పరికరాల డీఎంఏ (ప్రాసెసర్ ప్రమేయం లేకుండా పరికరం నేరుగా మెమరీని చదివి రాయడం) అడ్రసులనూ తర్జుమా చేస్తూ, తనది కాని మెమరీని ఏ పరికరమూ తాకకుండా కాపలా కాస్తుంది.

## ఫర్మ్‌వేర్ దశ

బయోస్‌లో అపెర్చర్ సైజ్ 256 ఎంబీ పెడితే నా ర్యామ్‌లో అంత పోయినట్టేనా?

పోదు. అక్కడ మీరు ఇస్తున్నది అడ్రసుల్లో చోటు మాత్రమే. 64-బిట్ యంత్రంలో ఆ చోటుకు కొరత లేదు.

చాలామంది తికమకపడేది పక్కనే ఉండే ఇంకో సెట్టింగు వల్ల. ఇంటెల్ ఇంటిగ్రేటెడ్ గ్రాఫిక్స్ ఉన్న బోర్డుల్లో "డీవీఎంటీ ప్రీ-అలొకేటెడ్" అని ఒకటి కనిపిస్తుంది. అది నిజంగానే ర్యామ్‌లోంచి కోత కోస్తుంది. అలా తీసిన భాగాన్ని స్టోలెన్ మెమరీ అంటారు. ఆ ర్యామ్ ఇక కెర్నెల్ సాధారణ వాడకానికి దొరకదు. కాబట్టి ర్యామ్ మిగుల్చుకోవాలంటే తగ్గించాల్సింది డీవీఎంటీని, అపెర్చర్‌ను కాదు.

ఏజీపీ కాలంలోనూ ఇదే అపోహ ఉండేది. 64 ఎంబీ అపెర్చర్‌కు నిజంగా ఖర్చయ్యేది దాని టేబుల్ మాత్రమే. 4 కేబీ పేజీలు 16,384. ఒక్కో ఎంట్రీ 4 బైట్లు. మొత్తం 64 కేబీ.

4 జీబీ ర్యామ్ వేస్తే 3.2 జీబీయే కనిపిస్తోంది, ఎందుకు?

32-బిట్ అడ్రసులతో మొత్తం 4 జీబీ వరకే చూపగలం. పరికరాల కిటికీలన్నీ అందులో పై భాగంలో కూర్చుంటాయి. అక్కడ ఉండాల్సిన ర్యామ్ వాటి వెనక కనబడకుండా పోతుంది. బయోస్‌లో మెమరీ రీమ్యాప్ ఉంటే ఆన్ చేయండి, ఆ భాగం 4 జీబీ పైకి జరుగుతుంది. దాన్ని అందుకోవడానికి 64-బిట్ కెర్నెల్ కావాలి. పాత కెర్నెళ్లలో అయితే పీఏఈ (4 జీబీ పైన ర్యామ్ అందుకునే సదుపాయం) ఉన్న 32-బిట్ కెర్నెల్ కూడా సరిపోయేది.

"అబౌ 4జీ డీకోడింగ్" ఆన్ చేయాలా?

64-బిట్ ఆపరేటింగ్ సిస్టమ్ వాడుతుంటే, పెద్ద మెమరీ ఉన్న కార్డు ఉంటే, చేయండి. 64-బిట్ బార్లను 4 జీబీ పైన పెట్టడానికి ఫర్మ్‌వేర్‌కు (బయోస్ లాంటి, హార్డ్‌వేర్‌లోనే ఉండే ప్రోగ్రాంకు) అది అనుమతి. అది లేకపోతే అన్ని పరికరాలూ కింద ఉన్న ఇరుకు చోటులోనే సర్దుకోవాలి. రెండు మూడు జీపీయూలు పెట్టగానే ఒకటి బయట మిగిలిపోవడానికి కారణం తరచుగా ఇదే.

రీసైజబుల్ బార్‌కు ఏమేం సిద్ధంగా ఉండాలి?

కార్డు కిటికీని దాని మొత్తం వీర్యామ్ పట్టేంత పెంచుకోనిచ్చే సదుపాయం ఇది. కార్డు, దాని ఫర్మ్‌వేర్, బోర్డు బయోస్, డ్రైవర్, నాలుగూ ఒప్పుకోవాలి. బయోస్‌లో అబౌ 4జీ డీకోడింగ్ ఆన్‌లో ఉండాలి. పాత పద్ధతి బూట్ కోసం ఉంచే సీఎస్‌ఎం ఆఫ్ చేయాలి. సీఎస్‌ఎం ఆఫ్ చేసే ముందు మీ డిస్కు యూఈఎఫ్‌ఐ (బయోస్ స్థానంలో వచ్చిన కొత్త ఫర్మ్‌వేర్) పద్ధతిలో బూట్ అవుతుందో లేదో తప్పకుండా చూసుకోండి. లేకపోతే యంత్రం పైకి లేవదు, అనవసరమైన టెన్షన్.

ఈ సదుపాయం పీసీఐ ఎక్స్‌ప్రెస్ నిర్దేశాల్లోకి 2008లోనే వచ్చింది. మామూలు వాడకందార్లకు తెలిసింది మాత్రం 2020లో ఏఎండీ దీన్ని స్మార్ట్ యాక్సెస్ మెమరీ పేరుతో ప్రకటించాకే.

## కెర్నెల్ బూట్ దశ

ఏ కిటికీ ఎంత పెద్దదో కెర్నెల్‌కు ఎలా తెలుస్తుంది?

పరికరాన్నే అడుగుతుంది. బార్‌లో అన్ని బిట్లూ 1 చేసి రాసి, తిరిగి చదువుతుంది. పరికరం మార్చనివ్వని కింది బిట్లు సున్నాగానే వస్తాయి. కింద ఉండే నాలుగు గుర్తు బిట్లను కూడా సున్నాలుగా లెక్కేస్తే మొత్తం 28 సున్నాలు వచ్చాయంటే కిటికీ 256 ఎంబీ. సైజు ఎప్పుడూ రెండు ఘాతంలోనే ఉండటానికీ, అంతే సైజు గుణిజం దగ్గరే మొదలు కావడానికీ కారణం ఈ పద్ధతే. ఈ పరీక్ష జరిగే క్షణంలో పరికరం తప్పు అడ్రసులకు జవాబివ్వకూడదు కాబట్టి లినక్స్ మామూలుగా దాని డీకోడింగ్‌ను ఆపి ఉంచుతుంది.

లాగ్‌లో "కాంట్ అసైన్, నో స్పేస్" అని వస్తోంది. కార్డు పాడైందా?

కార్డుది తప్పు కాకపోవచ్చు. కార్డుకు పైనున్న బ్రిడ్జి (కార్డులను ప్రాసెసర్ వైపుకు కలిపే చిప్) కిటికీలో చోటు లేదని దాని అర్థం. పీసీఐ ఒక చెట్టులాంటిది. కింద పరికరానికి ఎంత చోటు కావాలన్నా దాని పైనున్న ప్రతి బ్రిడ్జీ అంత చోటును ముందు తన కిటికీలో కలుపుకుని ఉండాలి.

ఇక్కడ ఒక ముఖ్యమైన విషయం ఉంది. బ్రిడ్జికి మెమరీ కిటికీలు రెండు. ప్రీఫెచబుల్ (ముందే చదివి ఉంచుకున్నా ఇబ్బంది లేని మెమరీకి వాడే) కిటికీ 64-బిట్ అడ్రసుల దాకా వెళ్లగలదు. నాన్-ప్రీఫెచబుల్ కిటికీ మాత్రం 32-బిట్‌కే పరిమితం. అందుకే 4 జీబీ పైన బోలెడంత చోటున్నా నాన్-ప్రీఫెచబుల్ బార్లకు కింద చోటు చాలకపోవచ్చు.

నేను పాటించే వరుస ఇది: ముందు బయోస్‌లో అబౌ 4జీ, తర్వాత కెర్నెల్ కమాండ్ లైన్‌లో (బూట్ సమయంలో కెర్నెల్‌కు ఇచ్చే ఎంపికల్లో) "పీసీఐ=రీఅలాక్". ఆ రెండోది ఫర్మ్‌వేర్ పంచిన బ్రిడ్జి కిటికీలు చాలకపోతే మళ్లీ పంచమని కెర్నెల్‌కు చెబుతుంది. "పీసీఐ=నోసీఆర్‌ఎస్" అని కూడా సలహా ఇస్తుంటారు. అది హోస్ట్ బ్రిడ్జి (చెట్టు మొదట్లో ఉండేది) పరిధుల గురించి ఏసీపీఐ (ఫర్మ్‌వేర్ కెర్నెల్‌కు ఇచ్చే హార్డ్‌వేర్ వివరాల పట్టికలు) చెప్పిన మాటను పక్కన పెట్టేస్తుంది. ఏ అడ్రసులు నిజంగా పీసీఐకి చేరతాయో కెర్నెల్ ఊహించాల్సి వస్తుంది కాబట్టి దాన్ని శాశ్వత పరిష్కారంగా ఉంచుకోకండి.

ప్రాక్‌లోని ఐఓమెమ్ ఫైలులో అన్నీ సున్నాలే కనిపిస్తున్నాయి?

ఏ అడ్రసులు ఎవరివో చూపే ఆ ఫైలును రూట్‌గా, అంటే అడ్మిన్ యూజర్‌గా చదవండి. మామూలు యూజర్‌కు అడ్రసులు కనబడకుండా కెర్నెల్ దాచిపెడుతుంది.

"ఎంటీఆర్‌ఆర్ టైప్ మిస్‌మ్యాచ్" అంటే ఏమిటి? ఎలా సరిచేయాలి?

ఎంటీఆర్‌ఆర్‌లు పెంటియమ్ ప్రోతో వచ్చిన ప్రాసెసర్ రిజిస్టర్లు. ఫలానా ఫిజికల్ అడ్రసుల వరుసను క్యాష్ చేయాలా వద్దా, రాతలను కలిపి పంపాలా అన్నది వీటిలో రాసి ఉంటుంది. సంఖ్యలో కొద్దిగానే ఉంటాయి, మార్చుకోదగ్గవి చాలా ప్రాసెసర్లలో ఎనిమిది. సైజు రెండు ఘాతంలో ఉండాలి, మొదలు దానికి తగ్గట్టు ఉండాలి. ఉదాహరణకు బయోస్ 3 జీబీ నుంచి 4 జీబీ దాకా మొత్తాన్నీ "క్యాష్ వద్దు" అని ఒకే రిజిస్టర్‌లో గుర్తుపెడుతుంది. 3.5 జీబీ దగ్గరున్న ఫ్రేమ్‌బఫర్‌ను (తెర మీది బొమ్మ ఉండే మెమరీని) రైట్-కంబైనింగ్ (రాతలను కలిపి పంపే రకం) చేయాలని డ్రైవర్ దాని మీద ఇంకోటి పెట్టబోతే రెండూ ఢీకొంటాయి. కెర్నెల్ ఒప్పుకున్నా లాభం లేదు, ఒకే అడ్రసు మీద రెండూ పడితే ప్రాసెసర్ "క్యాష్ వద్దు" అన్నదాన్నే పాటిస్తుంది.

సరైన దారి ప్యాట్. పెంటియమ్ 3 కాలం నుంచీ ఉంది. ఇది పేజీ టేబుల్‌లోనే ఒక్కో పేజీకి రకం రాస్తుంది. ఎంటీఆర్‌ఆర్ "క్యాష్ వద్దు" అన్నచోట కూడా ప్యాట్‌లో రైట్-కంబైనింగ్ అని ఉంటే అదే చెల్లుతుంది. కాబట్టి ప్యాట్ ఉన్న యంత్రంలో ఈ హెచ్చరిక చూస్తే ఎంటీఆర్‌ఆర్‌లను సరిచేయడానికి కూర్చోకండి, ఆ డ్రైవర్‌నే కొత్తదానికి మార్చండి. ప్యాట్ లేని పాత యంత్రమైతే "ఎనేబుల్_ఎంటీఆర్‌ఆర్_క్లీనప్" ఎంపికతో కెర్నెల్ చేత రిజిస్టర్లను మళ్లీ సర్దించి కొన్ని ఖాళీ చేయించుకోవచ్చు.

ఓపెన్‌బీఎస్‌డీలో "అలౌఅపెర్చర్" ఎంత పెట్టాలి?

అవసరం లేకపోతే 0. ఇక్కడ అపెర్చర్ అన్న మాటకు అర్థం కొంచెం వేరు. ఎక్స్ సర్వర్ (తెర మీద విండోలు చూపే ప్రోగ్రాం) లాంటి యూజర్ ప్రోగ్రాం నేరుగా వీడియో మెమరీనీ ఐఓ పోర్టులనూ తాకడానికి కెర్నెల్ తెరిచే తలుపు అది. 1 అంటే వీడియో మెమరీ, పోర్టుల వరకు. 2 అంటే బయోస్ ఉండే మొదటి మెగాబైట్ మొత్తం కూడా. కెర్నెల్‌లోనే మోడ్ సెట్టింగ్ (తెర రిజల్యూషన్ అమర్చడం) చేసే డ్రైవర్ మీ కార్డుకు ఉంటే ఈ తలుపు తెరవక్కర్లేదు. తెరవాల్సి వస్తే సిస్టమ్ సెక్యూర్‌లెవెల్ (భద్రతా స్థాయి) పెరగకముందే, అంటే సిస్‌సీటీఎల్ కాన్ఫిగ్ ఫైలులో రాసి రీబూట్ చేయాలి. నడుస్తున్న యంత్రంలో పెంచబోతే ఒప్పుకోదు, అది భద్రత కోసమే.

## డ్రైవర్ రాసేటప్పుడు

ఐఓరీమ్యాప్ వాడాలా, ఐఓరీమ్యాప్_డబ్ల్యూసీ వాడాలా?

ఇవి పరికరం కిటికీని డ్రైవర్ కోడ్‌కు అందేలా మ్యాప్ చేసే లినక్స్ ఫంక్షన్లు; మొదటిది క్యాష్ లేకుండా, రెండోది రైట్-కంబైనింగ్‌తో. రిజిస్టర్లకు మొదటిది, ఫ్రేమ్‌బఫర్‌కూ పెద్ద డేటా కిటికీకీ రెండోది. ఇందులో తడబాటు వద్దు.

లెక్క చూడండి. 1920 × 1080 తెర, పిక్సెల్‌కు 4 బైట్లు. ఒక ఫ్రేముకు 82,94,400 బైట్లు. క్యాష్ లేని మ్యాపింగ్‌లో పిక్సెల్‌కు ఒకటి చొప్పున రాస్తే బస్సు మీద 20,73,600 చిన్న రాతలు. రైట్-కంబైనింగ్‌లో ప్రాసెసర్ వాటిని 64 బైట్ల గుత్తులుగా కలిపితే 1,29,600. ఒకసారి తెర స్క్రోల్ అవుతుంటే గీతలు పాకుతున్నట్టు కనిపించే కార్డు మీద నేను రెండు రోజులు కూర్చున్నాను. మార్చాల్సింది ఆ ఒక్క ఫంక్షన్ పేరేనని చివరికి తెలిసింది.

రిజిస్టర్లకు మాత్రం రైట్-కంబైనింగ్ ప్రమాదం. రాతలు కలిసిపోవచ్చు, వరుస మారిపోవచ్చు. "మొదట అడ్రసు, తర్వాత స్టార్ట్ బిట్" అని మీరు రాసింది పరికరానికి తిరగబడి చేరవచ్చు. పాత డ్రైవర్లలో ఎంటీఆర్‌ఆర్‌ను నేరుగా పిలిచే కోడ్ ఉంటే తీసేసి ఆర్చ్_ఫిజ్_డబ్ల్యూసీ_యాడ్ పెట్టండి. ప్యాట్ ఉన్నచోట అది ఏమీ చేయదు, లేనిచోట అవసరమైనది చేస్తుంది.

రైట్-కంబైనింగ్ పెట్టాక రాయడం వేగంగా ఉంది, చదవడం మాత్రం ఘోరంగా ఉంది. ఎందుకు?

ఆ రకం మెమరీలో చదివినవి క్యాష్‌లో నిలవవు. ప్రతి చదువూ పరికరం దాకా వెళ్లి జవాబు కోసం ఆగాలి. అందుకే కిటికీలోంచి చదివి, మార్చి, మళ్లీ రాసే పద్ధతి పెట్టుకోకండి. ర్యామ్‌లో ఒక నకలు ఉంచుకుని అక్కడే మార్చి, కిటికీలోకి రాయడం మాత్రమే చేయండి. పెద్ద మొత్తం వెనక్కి తెచ్చుకోవాలంటే పరికరం డీఎంఏ ఇంజిన్‌కు అప్పజెప్పండి.

ఐఓరీమ్యాప్ ఇచ్చిన పాయింటర్‌లో నేరుగా రాస్తే పనిచేస్తోంది కదా, రైట్‌ఎల్ ఎందుకు?

ఎక్స్86 మీద పనిచేసినట్టే కనిపిస్తుంది. కంపైలర్ మీ రాతలను తీసేయకుండా, ముక్కలు చేయకుండా, వరుస మార్చకుండా రీడ్‌ఎల్, రైట్‌ఎల్ (రిజిస్టర్‌ను చదివే, రాసే కెర్నెల్ ఫంక్షన్లు) కాపాడతాయి. ఆర్మ్64కు వెళ్లగానే ఇంకో చిక్కు: డివైస్ రకం మెమరీలో అడ్రసు సరిగ్గా సరిపడని యాక్సెస్ జరిగితే ఫాల్ట్ వస్తుంది. మామూలు మెమ్‌కాపీ అలాంటి యాక్సెస్‌లు చేయగలదు. అక్కడ మెమ్‌కాపీ_టూఐఓ వాడాలి.

రిజిస్టర్‌లో రాశాను. కొంత ఆలస్యంగా పనిచేస్తోంది, ఒక్కోసారి అసలు చేరినట్టే లేదు?

పీసీఐలో మెమరీ రాతలు పోస్టెడ్. ప్రాసెసర్ చేతిలోంచి బయటపడగానే పని అయిపోయినట్టు లెక్క, అది దారిలో ఎక్కడో ఇంకా ఉండవచ్చు. చేరిందని కచ్చితంగా తెలియాలంటే అదే పరికరం నుంచి ఒక రిజిస్టర్‌ను చదవండి. ఆ చదువు ముందున్న రాతలను తోసుకుంటూ వెళ్తుంది. రీసెట్ రాసి 10 మైక్రోసెకన్లు ఆగే కోడ్‌లో ఇది తప్పనిసరి, లేదంటే మీరు ఆగే సమయం రాత చేరకముందే అయిపోవచ్చు.

రైట్-కంబైనింగ్ కిటికీలో డేటా పెట్టి తర్వాత డోర్‌బెల్ రిజిస్టర్ (డేటా సిద్ధమని పరికరానికి చెప్పేది) కొడుతుంటే, రెండింటి మధ్య డబ్ల్యూఎంబీ అనే కెర్నెల్ ఫంక్షన్ పెట్టండి. ప్రాసెసర్ గుత్తులు కట్టుకుంటున్న రాతలను అది ముందు బయటకు పంపిస్తుంది.

ఒకే పేజీని ఒకచోట క్యాష్‌తో, ఇంకోచోట రైట్-కంబైనింగ్‌తో మ్యాప్ చేయొచ్చా?

వద్దు. ఇది డేటా పాడయ్యే తప్పు, అదీ ఎప్పుడో ఒకసారి మాత్రమే బయటపడే రకం.

2002లో ఏఎండీ ఆథ్లాన్, ఏజీపీ ఉన్న లినక్స్ యంత్రాలు అంతుచిక్కకుండా ఆగిపోవడానికి కారణం ఇదే. కెర్నెల్ తన మెమరీని 4 ఎంబీ పెద్ద పేజీలతో, క్యాష్ చేయదగినదిగా మ్యాప్ చేసుకుంది. అందులోవే కొన్ని పేజీలను ఏజీపీ డ్రైవర్ అపెర్చర్ ద్వారా క్యాష్ లేకుండా వాడుతోంది. ప్రాసెసర్ ముందుచూపుతో కెర్నెల్ మ్యాపింగ్ వైపు నుంచి ఆ పేజీల పాత నకలును క్యాష్‌లోకి తెచ్చుకుని, తర్వాత తిరిగి ర్యామ్‌లో రాసేసేది. అప్పటికి గ్రాఫిక్స్ కోసం అక్కడ పెట్టిన డేటా పోయినట్టే. పెద్ద పేజీలు వాడకుండా చేసే "మెమ్=నోపెంటియమ్" ఎంపికతో అప్పట్లో నెట్టుకొచ్చారు.

ఈరోజు చేయాల్సింది: ర్యామ్ పేజీలను అలా వాడే ముందు సెట్_మెమరీ_డబ్ల్యూసీ లాంటి ఫంక్షన్‌తో కెర్నెల్ మ్యాపింగ్ రకాన్నీ మార్చాలి, వదిలేటప్పుడు తిరిగి సెట్_మెమరీ_డబ్ల్యూబీతో మామూలు చేయాలి. ఎక్స్86లో పరికర కిటికీల మీద ఎవరు ఏ రకం కోరారో కెర్నెల్ లెక్క రాసుకుంటుంది. డీబగ్ ఫైల్ సిస్టమ్‌లోని ప్యాట్_మెమ్‌టైప్_లిస్ట్ ఫైలులో చూడొచ్చు.

బఫర్ ఫిజికల్ అడ్రసు పరికరానికి ఇస్తే సరిపోదా?

ఐఓఎంఎంయూ ఆన్‌లో ఉంటే సరిపోదు. పరికరం చూసే అడ్రసు వేరు. డీఎంఏ ఫంక్షన్లు ఇచ్చిన అడ్రసునే పరికరానికి ఇవ్వండి. దానికి ముందు మీ పరికరం ఎన్ని బిట్ల అడ్రసు మోయగలదో డీఎంఏ మాస్క్‌తో చెప్పండి. మీ బల్ల మీది యంత్రంలో ఫిజికల్ అడ్రసుతో పనిచేసిందంటే అక్కడ ఐఓఎంఎంయూ ఆఫ్‌లో ఉందనో, తర్జుమా లేకుండా వదిలేస్తోందనో అర్థం.

ఆర్మ్ బోర్డులో బయోస్ లేదు. కిటికీ ఎవరు నిర్ణయిస్తారు?

డివైస్ ట్రీలో (బోర్డులో ఏమేం ఉన్నాయో కెర్నెల్‌కు చెప్పే ఫైలులో) హోస్ట్ బ్రిడ్జి నోడ్‌కు ఉండే "రేంజెస్" అనే ప్రాపర్టీ. ప్రాసెసర్ వైపు ఏ అడ్రసు పీసీఐ వైపు ఏ అడ్రసు అవుతుందో, సైజు ఎంతో అందులో ఉంటుంది. ఆ రెండు అడ్రసులూ ఒకటే కావాలని లేదు. కార్డుకు చోటు చాలకపోతే ముందు చూడాల్సింది అక్కడే. చిప్ మాన్యువల్ ఒప్పుకున్నంత వరకే పెంచండి.

## నడుస్తున్నప్పుడు, చిక్కు వచ్చినప్పుడు

రీసైజబుల్ బార్ నిజంగా పనిచేస్తోందో లేదో ఎలా తెలుసుకోవాలి?

బయోస్‌లో ఆన్ అని కనిపించడం రుజువు కాదు. రూట్‌గా ఎల్‌ఎస్‌పీసీఐని (పీసీఐ పరికరాలను చూపే కమాండ్‌ను) వివరంగా చూపమని నడిపి, కార్డు ప్రీఫెచబుల్ రీజియన్ సైజు చూడండి. 8 జీబీ కార్డుకు అక్కడ ఇంకా 256 ఎంబీ ఉంటే పనిచేయడం లేదు. ఏఎండీ కార్డయితే కెర్నెల్ లాగ్‌లో వీర్యామ్ సైజు, బార్ సైజు ఒకే లైనులో పక్కపక్కనే వస్తాయి. రెండూ సమానమైతే ప్రాసెసర్ మొత్తం వీర్యామ్‌ను ఒకేసారి చూడగలుగుతోంది.

జీపీయూని వర్చువల్ మెషీన్‌కు ఇవ్వబోతే "బార్ 0, కాంట్ రిజర్వ్" అంటోంది?

బూట్ సమయంలో ఫర్మ్‌వేర్ ఇచ్చిన ఫ్రేమ్‌బఫర్ ఆ బార్ లోపలే ఉంది. కెర్నెల్ దాన్ని ఇంకా పట్టుకుని ఉంది. ఐఓమెమ్ ఫైలులో కార్డు అడ్రసుల కింద "బూట్‌ఎఫ్‌బీ" లేదా "ఈఎఫ్‌ఐఎఫ్‌బీ" అని కనిపిస్తే ఇదే సంగతి. సాధారణ జీపీయూ డ్రైవర్ లోడ్ అయ్యేటప్పుడు కెర్నెల్‌లోని అపెర్చర్ సహాయక కోడ్‌ను పిలిచి ఈ తాత్కాలిక డ్రైవర్‌ను పంపించేస్తుంది. వీలైతే బయోస్‌లో బూట్ డిస్‌ప్లేను వేరే కార్డుకు మార్చండి, అన్నిటికన్నా శుభ్రమైన దారి అదే. కుదరకపోతే ఆ తాత్కాలిక ఫ్రేమ్‌బఫర్ మొదలవకుండా కెర్నెల్ కమాండ్ లైన్‌లో ఆపాలి. అప్పుడు హోస్ట్ (వర్చువల్ మెషీన్‌ను నడిపే అసలు యంత్రం) తెర నల్లగా ఉంటుంది కాబట్టి నెట్‌వర్క్ నుంచి లాగిన్ అయ్యే ఏర్పాటు ముందే చేసుకోండి.

హోస్ట్‌లో పెద్ద బార్ బాగానే ఉంది, గెస్ట్‌లో మాత్రం చోటు దొరకడం లేదు?

గెస్ట్‌కు, అంటే వర్చువల్ మెషీన్‌కు, తన సొంత అడ్రస్ మ్యాప్ ఉంటుంది. దాని ఫర్మ్‌వేర్ 64-బిట్ పీసీఐ కిటికీని ఎంత పెట్టిందో, దాని ప్రాసెసర్‌కు ఎన్ని ఫిజికల్ అడ్రస్ బిట్లు చూపిస్తున్నారో చూడండి. 40 బిట్లంటే ర్యామ్, కిటికీలు అన్నీ కలిపి 1 టీబీలోనే సర్దాలి. క్యూఈఎంయూలో (వర్చువల్ మెషీన్లను నడిపే ప్రోగ్రాంలో) హోస్ట్ బిట్లనే గెస్ట్‌కు చూపే ఎంపిక ఉంది. గెస్ట్‌కు ఫర్మ్‌వేర్‌గా వాడే ఓవీఎంఎఫ్‌కు కిటికీ సైజును ఎంబీల్లో నేరుగా చెప్పే వీలూ ఉంది.

పాత ఏఎండీ 64 యంత్రంలో "మీ బయోస్ అపెర్చర్ మెమరీ హోల్ వదల్లేదు" అనే సందేశం వస్తోంది. 64 ఎంబీ ఎందుకు తీసుకుంటోంది?

ఆ తరం ప్రాసెసర్లలో ఉన్న గార్ట్‌నే లినక్స్ ఐఓఎంఎంయూలా వాడుకుంటుంది. 4 జీబీ పైనున్న మెమరీని 32-బిట్ పరికరాలకు అందించడానికి. దానికి అడ్రసుల్లో ఖాళీ కావాలి. బయోస్ వదలకపోతే కెర్నెల్ ర్యామ్ ఉన్న అడ్రసుల మీదే కిటికీ తెరుస్తుంది. దాని కింద పడిన ర్యామ్ వాడకానికి పనికిరాదు, ఇక్కడ మాత్రం నష్టం నిజమైనదే. బయోస్‌లో ఐఓఎంఎంయూ లేదా అపెర్చర్ ఎంపిక ఉంటే 64 ఎంబీ, అంతకన్నా ఎక్కువ పెట్టి రీబూట్ చేయండి. లేకపోతే "ఐఓఎంఎంయూ=మెమ్‌అపర్" ఎంపికతో సైజు మార్చుకోవచ్చు. దాని విలువ ఒకటి పెరిగితే సైజు రెట్టింపు: 0కు 32 ఎంబీ, 1కి 64, 2కు 128.